ఆటల్లో గురి, జట్టులో బలం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు అవసరమని ఇప్పుడు ఒకరు వేదిక ఎక్కి ఒప్పించవలసిన పరిస్థితి మన ఇళ్లలో లేదు. పండ్ల బండి తోసుకొనే తండ్రి కూడా పిల్లవాణ్ణి బడికి పంపాలనే అనుకొంటున్నాడు. పంపిన పిల్లవాడు పదవ తరగతి దాకా నిలబడతాడా అనేదే ఇప్పటి ప్రశ్న. కావున ఈ రోజు మేము చదువు గురించి కాక, ఆటల గురించి మాట్లాడదలిచాము. ఇదేమిటి, పంతులుగారు దారి తప్పారు అనుకోకండి. చివరికి చదువు దగ్గరికే వస్తాము.

చదివితే నవాబువు అవుతావు, ఆడితే ఖరాబు అవుతావు అనే మాట మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది. మా చిన్నతనంలో మేమూ విన్నాము, మీరూ విన్నారు. ఆ మాట అన్నవారి భయంలో న్యాయం లేకపోలేదు. పొద్దస్తమానం వీధిలో తిరిగే పిల్లవాణ్ణి చూస్తే ఏ తల్లికైనా గుండె దడే. ఇప్పుడు వీధి కూడా అక్కర లేదు, చేతిలో ఫోను చాలు. కాని వీధిలో తిరగడం వేరు, ఫోనులో వేళ్లాడించడం వేరు, గీత గీసి, నియమం పెట్టి, పెద్దవాడు ఒకడు దగ్గర నిలబడి ఆడించే ఆట వేరు. ఈ మూడో దానిలో, నల్లబల్ల మీద చెప్పలేని పాఠాలు రెండు ఉన్నాయి. ఒకటి గురి పెట్టుకోవడం. రెండవది కలిసి పనిచేయడం.

ఈ రెండూ ఎందుకింత అవసరమో ముందు మనవి చేస్తాము. మా ఉర్దూ మీడియం బడిలో ఏ పిల్లవాణ్ణి అయినా లేపి, పెద్దవాడివై ఏమవుతావురా అని అడగండి. డాక్టరు అంటాడు, కలెక్టరు అంటాడు. చాలా సంతోషం. సరే, ఈ శుక్రవారం లోపల ఏం చేస్తావురా అని అడగండి. నోట మాట రాదు. కొండ కొన మీద చూపు ఉన్నది గాని, మొదటి మెట్టు ఎక్కడున్నదో తెలియదు. మొదటి పరీక్షలో లెక్కల్లో తొమ్మిది మార్కులు వచ్చేసరికి, ఇక మనవల్ల కాదని చేతులెత్తేస్తాడు.

ఇంకొక జబ్బు ఉన్నది. మన పిల్లలు ఒంటరిగా పడిపోతున్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒక బెంచీ మీద ఒక చోటు ఖాళీ అవుతుంది. హాజరు పట్టీలో వరుసగా గైర్హాజరు గుర్తులు పడతాయి. కొన్నాళ్లకు ఆ పేరు పిలవడం మానేస్తాము. పక్కన కూర్చొనేవాడు కూడా, వాడు రాడు సార్, పనికి పోతున్నాడు అని మామూలుగా చెప్పి ఊరుకుంటాడు. ఒకడు పోతే ఇంకొకడికి ఏమీ లోటు లేకపోవడమే ఇందులో బాధాకరమైన సంగతి. తరగతిలో నలభై మంది ఉన్నారు గాని, ఒక జట్టు లేదు.

ఈ రెండు జబ్బులకూ మందు ఆటస్థలంలో దొరుకుతుందేమోనని కొన్నేళ్లుగా మేము చూస్తున్నాము. ఖర్చులేని ఆటలే ఆడించాము. ఒక పొడుగు తాడు, ఒక బంతి, ఒక డబ్బా సున్నం. ఇంతే మా సరంజామా.

మొదటిది తాడు గెంతే ఆట. ఇద్దరు చెరొక కొస పట్టుకొని తిప్పుతారు. ఎనిమిది మంది ఒకేసారి లోపల నిలబడి గెంతాలి. ఎవరి కాలికి తాడు తగిలినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఆట మొదలుపెట్టే ముందు ఎన్ని గెంతులు గెంతుతారో జట్టువారే చర్చించుకొని గోడ మీద సుద్దతో రాయాలి. మొదటి రోజు ఏం రాస్తారనుకొన్నారు? వంద! డాక్టరు, కలెక్టరు లాంటిదే ఆ వంద. ఆరో గెంతుకు తాడు తగిలింది. నీ వల్లనంటే నీ వల్లనని కొట్లాట మొదలైంది.

అప్పుడు మేము ఆట ఆపించి మూడు ప్రశ్నలు ఇచ్చాము. ఎంత కావాలి? ఎప్పటికి కావాలి? అందుకు ఇప్పుడు ఏం మార్చాలి? నీ వల్ల, నా వల్ల అనే మాట లేకుండా ఈ మూడింటికే జవాబు చెప్పమన్నాము. పిల్లలు గుంపుగా కూర్చొని ఆలోచించారు. తాడు నడిమధ్యలో ఎత్తుగా లేస్తుంది, కొసల దగ్గర కిందికి వంగుతుంది. కావున పొడుగువాళ్లు మధ్యలో, పొట్టివాళ్లు కొసల వైపు నిలబడాలని వాళ్లే కనిపెట్టారు. అందరూ ఒక్క గొంతుతో లెక్కపెడితే కాళ్లు ఒకేసారి లేస్తాయని ఇంకొకడు చెప్పాడు. తిప్పేవాళ్లు ఆకాశం వైపు కాక గెంతేవాళ్ల పాదాల వైపు చూడాలని మరొకడు చెప్పాడు. గోడ మీద వంద చెరిపి పది రాశారు. ఆ రోజే పన్నెండు గెంతారు. మరుసటి రోజు గురి పదిహేను. నెల తిరిగేసరికి ముప్ఫై దాటింది. వందను ఎవరూ మరిచిపోలేదు. కాని దానికి మెట్లు ఉన్నాయని తెలిసింది.

ఇది మా సొంత తెలివి కాదు. అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968లో ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. తరువాత గ్యారీ లాథమ్ అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిసి 1990లో ఈ విషయం మీదనే పెద్ద గ్రంథం వెలువరించాడు. వారు చెప్పిన సారాంశం ఇది. నీ చేతనైనంత చెయ్యి అని చెప్పిన మనిషి కంటే, ఇంత చెయ్యాలి అని స్పష్టమైన, కొంచెం కష్టమైన గురి పెట్టుకొన్న మనిషి ఎక్కువ పని చేస్తాడు. అయితే ఆ గురిని అతడు మనసారా ఒప్పుకోవాలి. ఎంతవరకు వచ్చాడో మధ్యమధ్య అతనికి తెలుస్తూ ఉండాలి. చేసే శక్తి అతనిలో ఉండాలి. ఇప్పుడు ఆలోచించండి. బాగా చదువు బాబూ అని రోజూ మన పిల్లలకు మనం చెప్పే మాటలో ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఉన్నదా? ఎంత చదవాలో లేదు, ఎప్పటికో లేదు, ఎంత అయిందో చూసేవారు లేరు. గోడ మీది సుద్ద అంకెలో ఇవన్నీ ఉన్నాయి.

రెండవది బంతి ఆట. అయిదుగురు అయిదుగురుగా రెండు జట్లు. నియమం ఒక్కటే. జట్టులోని అయిదుగురి చేతుల్లోకీ బంతి ఒక్కొక్కసారైనా వచ్చిన తరువాతే గోలు వేయాలి. మామూలుగా ఏ ఆటలోనైనా చురుకైనవాడు ఒకడు బంతి చేజిక్కించుకొని పరుగెత్తుతాడు, మిగిలినవారు ప్రేక్షకులు. మెతకవాడికి ఆట అయిపోయే దాకా బంతి అందదు. ఈ నియమం పెట్టగానే మెతకవాడి విలువ పెరిగింది. వాడు పట్టుకోలేకపోతే జట్టుకే గోలు లేదు. కావున చురుకైనవాడే వాడి దగ్గరికి పోయి, బంతి ఎట్లా పట్టుకోవాలో నేర్పడం మొదలుపెట్టాడు. మేము వంద సార్లు చెప్పినా జరగని పని ఒక్క నియమంతో జరిగింది.

ఇటువంటి నియమం ఎంత దూరం తీసుకుపోతుందో చూడాలంటే మన హైదరాబాదు చరిత్రే చాలు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు పెద్దలకు తెలుసు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా వల్ల పిల్లలకూ తెలిసింది. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. మావలె బడిపంతులు. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు శిక్షకులుగా 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం పొందింది.

రహీం గారు కుర్రవాళ్లకు కొన్ని విచిత్రమైన పోటీలు పెట్టించేవారు. ఒకదానిలో బంతిని కాలితో తానే తోసుకొంటూ పోరాదు, అందిన వెంటనే తోటివానికి అందించాలి. ఇంకొకదానిలో తనకు వాటమైన కాలితో తన్నరాదు, వాటం కాని కాలితోనే ఆడాలి. మొదటి నియమం తోటివాణ్ణి చూడటం నేర్పింది. రెండవది తనలోని లోపాన్ని దిద్దుకోవడం నేర్పింది. జట్టుతనం గురించి ఉపన్యాసాలు ఇచ్చే బదులు, జట్టుగా ఆడక తప్పని నియమం పెట్టారు. 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో మనవాళ్లు 2-1 తో గెలిచారు. అంతకు ముందు ఒక ఆటలో తలకు గాయమై కుట్లు పడిన జర్నెయిల్ సింగు మామూలుగా వెనుక కాపలా కాసే ఆటగాడు. ఆయనను ముందు వరుసకు తెచ్చి ఆడించారు. ఒక గోలు ఆయనది, ఇంకొకటి పి.కె. బెనర్జీది. పంజాబు సర్దారు, బెంగాలు యువకుడు, సికిందరాబాదు నుంచి పోయిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్, వీరందరినీ ఒక్క జట్టు చేసినవాడు ఒక బడిపంతులు. మరుసటి సంవత్సరమే, 1963లో, రహీం గారు క్యాన్సరుతో కన్నుమూశారు. ఉపాధ్యాయులమైన మాకు ఆ పేరు తలచుకొంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

మన ఖోఖో ఆటలోనూ ఇదే నీతి ఉన్నది. ఎనిమిది మంది వరుసగా, ఒకడు ఇటు మొగం, ఒకడు అటు మొగం పెట్టి కూర్చొంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. వాడు మధ్య గీత దాటరాదు, పట్టిన దిక్కు మధ్యలో మార్చుకోరాదు. ఎంత వేగంగా పరుగెత్తేవాడైనా గీతకు అటుపక్క ఉన్నవాణ్ణి తాను పట్టుకోలేడు. అటువైపు మొగం పెట్టి కూర్చొన్నవానికి ఖో ఇచ్చి తాను కూర్చోవాలి. ఎప్పుడు లేవాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు కూర్చోవాలో కూడా అంతే ముఖ్యం. 2025 జనవరిలో ఢిల్లీలో ఈ ఆటకు మొట్టమొదటి ప్రపంచ కప్పు జరిగితే పురుషుల విభాగం, స్త్రీల విభాగం రెండూ మన దేశమే గెలిచింది. మన బడి ఆవరణలో సున్నం గీతల మధ్య ఆడే ఆట అది. దాన్ని చిన్నచూపు చూడవలసిన పని లేదు.

అయితే పదిమందిని ఒకచోట చేర్చినంత మాత్రాన జట్టు కాదు. ఫ్రాన్సు దేశంలో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో ప్రచురించాడు. మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వచ్చింది. ఎనిమిది మంది అయ్యేసరికి ఒక్కొక్కరి పాలు, ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. దీనికి కారణాలు రెండు చెబుతారు. అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం ఒకటి. ఇంతమంది ఉన్నారు గదా, నేను కొంచెం సడలిస్తే ఏమవుతుందిలే అనుకోవడం రెండవది. మొదటిదానికి మందు మన పల్లెటూరి కూలీలకు ఏనాడో తెలుసు. ఐలేసా అని ఒక్క గొంతు పెడితే చాలు, చేతులన్నీ ఒక్కసారి బిగుస్తాయి. రెండవదానికి మందు, ఎవరి పని ఏమిటో అందరికీ కనిపించేటట్లు పంచడం. మా తాడు ఆటలో తిప్పేవాడు వేరు, లెక్క పెట్టించేవాడు వేరు, వరుస చూసేవాడు వేరు. సంఘాల సంగతి కూడా ఇంతే అని పెద్దలు నవ్వుతున్నారు. మేము పిల్లల గురించే చెబుతున్నాము!

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. జట్లు కట్టించి పోటీ పెట్టగానే మంచి జరుగుతుందని అనుకోరాదు. పోటీ ముదిరితే పగ అవుతుంది. టర్కీ దేశంలో 1906లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త 1954 వేసవిలో ఓక్లహామా రాష్ట్రంలో ఒక శిబిరం నడిపాడు. పదకొండు, పన్నెండేళ్ల బాలురు 22 మంది. వారిని రెండు గుంపులు చేశాడు. కొన్నాళ్లు వేరువేరుగా ఉంచి, తరువాత బేస్‌బాల్, తాడు లాగుడు వంటి పోటీలు పెట్టాడు. గెలిచినవారికే బహుమతి. కొద్ది రోజుల్లోనే తిట్లు, జెండాలు కాల్చుకోవడం, ఒకరి గదుల మీద ఒకరు దాడి చేయడం దాకా వచ్చింది. అందరూ మంచి ఇళ్ల పిల్లలే!

వారిని కలపడానికి కలిపి భోజనం పెట్టి చూస్తే, గిన్నెల్లోని కూడే ఒకరి మీద ఒకరు విసురుకొన్నారు. అప్పుడు షెరీఫ్ ఒక గుంపు వల్ల మాత్రమే కాని పనులు వారి ముందు పెట్టాడు. శిబిరానికి నీళ్లు ఆగిపోయాయి, అందరూ కలిసి వెతికితే గాని లోపం దొరకదు. భోజనం తేవలసిన ట్రక్కు కదలలేదు. రెండు గుంపులూ కలిసి దానికి తాడు కట్టి లాగారు. ఏ తాడు అనుకొన్నారు? అంతకు ముందు ఒకరి మీద ఒకరు పోటీపడి లాగిన తాడే! ఇటువంటివి కొన్ని జరిగేసరికి పగ చల్లారింది. తిరుగు ప్రయాణంలో అందరూ ఒకే బస్సులో పోతామని అడిగారు. పోరు నష్టం, పొందు లాభం అని మన తెలుగులో ఉన్న మాటే ఇది. కావున మా బడిలో వారానికి రెండు రోజులు జట్ల మధ్య పోటీ ఉంటే, ఒక రోజు తరగతి అంతటికీ కలిపి ఒకే గురి ఉంటుంది. ఆ రోజు ఓడిపోయేవారు ఎవరూ లేరు. నిన్నటి మన అంకెతోనే పోటీ.

ఇప్పుడు చదువు దగ్గరికి వస్తాము. ఆటస్థలంలో నేర్చినది గది లోపలికి రాకపోతే ఆ ఆట ఒట్టి వినోదమే. 1971లో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో నల్ల పిల్లలను, తెల్ల పిల్లలను, మెక్సికో సంతతి పిల్లలను ఒకే బడుల్లో కూర్చోబెట్టినప్పుడు గొడవలు వచ్చాయి. ఎలియట్ ఆరన్‌సన్ అనే ఆచార్యుడు ఒక ఉపాయం చేశాడు. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్క వారు చదివి మిగిలినవారికి చెప్పాలి. అందరిదీ వింటేనే పాఠం పూర్తవుతుంది. మా బంతి ఆట నియమమే ఇది, బంతికి బదులు పాఠం.

మేము కృష్ణా నది పాఠాన్ని అట్లాగే పంచాము. ఒకనికి మహాబలేశ్వరం దగ్గర నది పుట్టుక. ఒకనికి తుంగభద్ర మొదలైన ఉపనదులు. ఒకనికి శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు. ఒకనికి ప్రకాశం బ్యారేజీ, డెల్టా పంటలు. ఒకనికి హంసలదీవి దగ్గర సముద్రంలో కలవడం. ఎన్నడూ నోరు విప్పని పిల్లవాడు ఉపనదుల గురించి చెప్పవలసి వచ్చింది. వాడు తడబడుతుంటే మిగిలిన నలుగురూ నవ్వలేదు, ప్రశ్నలడిగి వాడి చేత చెప్పించారు. ఎందుకంటే ఆ ముక్క వాడి దగ్గరే ఉన్నది. తెలుగు పదాలకూ ఇదే పద్ధతి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన పిల్లలకు తెలుగు ఒత్తులు ఒక గండం. రోజుకు పది మాటలు, జట్టు మొత్తానికి యాభై. శనివారం నాడు గోడ మీద అంకె. మళ్లీ అవే మూడు ప్రశ్నలు. ఎంత, ఎప్పటికి, ఏం మార్చాలి.

ఈ పద్ధతి వల్ల జరిగిన ఒక సంగతి చెప్పి తీరాలి. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు, పేరు చెప్పము, తాడు తిప్పడంలో నేర్పరి. తండ్రి మంచం పట్టడంతో బడి మాని ఒక దుకాణంలో పనికి కుదిరాడు. ఇదివరకటి రోజుల్లో అయితే, వాడు రాడు సార్ అనే మాటతో అయిపోయేది. కాని ఆ వారం జట్టు లెక్క 31 నుంచి 19కి పడిపోయింది. పిల్లలు వచ్చి మమ్మల్ని అడిగారు. నలుగురు పిల్లలతో మేము ఆ దుకాణానికి పోయాము. వాళ్లలో ఒకడు యజమానితో, చాచా, మా లెక్క పడిపోయింది, వాణ్ణి పంపండి అన్నాడు. ఆయన మొదట పెద్దగా నవ్వారు. తాడు తిప్పడానికా నా మనిషిని తీసుకుపోతారు అన్నారు. తరువాత ఆ నలుగురి మొగాలు చూసి నవ్వడం మానారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు.

తాడు వల్ల ఇంట్లో పొయ్యి వెలగదు, ఆ సంగతి మాకు తెలుసు. ఆ ఇంటి బియ్యం, మందుల ఖర్చు మన సంఘం చూసింది. యజమాని రెండు నెలల జీతం ముందుగానే ఇచ్చి, తిరిగి అడగనన్నారు. పిల్లవాడు బడికి వచ్చాడు. ఎందుకు వచ్చావురా అని అడిగితే వాడు సంఘం పేరు చెప్పలేదు, మా పేరూ చెప్పలేదు. వాళ్లు నా కోసం వచ్చారు సార్ అన్నాడు. ఇప్పుడు పదవ తరగతిలో ఉన్నాడు. ఫస్టుక్లాసు వస్తుందని మేము జోస్యం చెప్పము. వాడి గురి ఈ నెలాఖరుకు బీజగణితంలో రెండు అధ్యాయాలు. అది గోడ మీద ఉన్నది.

పోయిన వారందరూ తిరిగి వచ్చారని కూడా చెప్పము. అదే సంవత్సరం మరొక పిల్లవాని ఇంటికి పోయిన జట్టు, తలుపుకు తాళం చూసి వచ్చింది. కుటుంబమంతా పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లిపోయింది. మంచి ఆట ఆడించినంత మాత్రాన పేదరికం పోదు. కాని పేదరికం ఒక పిల్లవాణ్ణి పట్టుకుపోతున్నప్పుడు, వాడి చెయ్యి పట్టుకొని ఆపే నాలుగు చేతులు తరగతిలో ఉన్నాయా లేదా అనేది మన చేతిలో ఉన్నది. ఆ నాలుగు చేతులు తయారు కావడానికే ఈ ఆటలు.

చివరగా మన సంఘానికి కొన్ని మనవులు. మొదటిది, ఆదివారం ఒక గంట. బడి ఆవరణ ఉన్నది, తాడు ఉన్నది. దగ్గర నిలబడే పెద్దమనిషి ఒక్కరు కావాలి. ఆట తెలియకపోయినా పరవాలేదు, ఆ మూడు ప్రశ్నలు అడగడం తెలిస్తే చాలు. రెండవది, ఆడపిల్లలు. ఆడపిల్లలకు ఆటలేమిటి అని కొందరు అంటారు. గురి పెట్టుకోవడం, నలుగురితో కలిసి పనిచేయడం మగపిల్లలకే అవసరమా? మైదానం బాగుండదనుకొంటే బడి లోపలి ఆవరణలో, నాలుగు గోడల మధ్య, మన సంఘంలోని చదువుకొన్న ఆపాలు దగ్గర ఉండి ఆడించవచ్చు. తాడు గెంతడానికి పెద్ద స్థలం అక్కర లేదు.

మూడవది బహుమతుల విషయం. ప్రతి సంవత్సరం మొదటి మార్కు వచ్చినవారికి బహుమతి ఇస్తున్నాము. అది ఉండవలసిందే. దానితోపాటు వచ్చే సంవత్సరం నుంచి ఒక జట్టు బహుమతి పెట్టవలసిందని కోరుతున్నాము. అయిదుగురి జట్టులో అందరికంటె తక్కువ మార్కులు వచ్చినవాని మార్కులు సంవత్సరంలో ఎంత పెరిగాయో చూసి, ఎక్కువ పెరిగిన జట్టుకు ఆ బహుమతి ఇవ్వాలి. అప్పుడు చూడండి, ముందున్నవాడు వెనుక ఉన్నవాణ్ణి ఎట్లా లాక్కొస్తాడో. పెద్ద ఖర్చు కాదు. అయిదు నిఘంటువులు ఇచ్చినా చాలు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే ఎన్ని మార్కులు వచ్చాయి అని అడుగుతాము. ఆ ప్రశ్న అడగండి, కాదనము. దానితోపాటు, ఈ వారం నీ గురి ఏమిటి, ఈ రోజు నీవు ఎవరికి సాయం చేశావు, నీకు ఎవరు సాయం చేశారు అని కూడా అడగండి. చదువు రాని తల్లి కూడా ఈ మూడు ప్రశ్నలు అడగగలదు. జవాబు చెప్పవలసి వస్తుందని తెలిసిన పిల్లవాడు రేపటికి ఒక జవాబు సిద్ధం చేసుకొంటాడు.

పిల్లలూ, మీ బహుమతులకు ఇక అడ్డు రాము. మొదటి బహుమతి తీసుకొనేవారు వేదిక దిగిన తరువాత, మీకు లెక్కలు నేర్పిన స్నేహితుడు ఎక్కడ కూర్చొన్నాడో వెతికి, ఆ పుస్తకం ముందు అతనికి చూపించండి.